తూము దగ్గర పట్టిన తాడు

మా ట్రక్కులు తెనాలి చేరేసరికి తెల్లవారుజామున నాలుగున్నర. వాన అడ్డంగా కొడుతోంది. స్టేషన్ ముందు ఆటోలు సీట్ల దాకా నీళ్ళలో వరసగా నిలబడి ఉన్నాయి. మా కంపెనీ కమాండర్ మేజర్ గారు ట్రక్కు బానెట్ మీద మ్యాపు పరిచి, టార్చి వేసి, క్లుప్తంగా చెప్పారు. ఒక ప్లాటూన్ బాపట్ల వెళ్ళాలి, తుపాను గాలికి రోడ్ల మీద కూలిన చెట్లు నరకాలి. మా ప్లాటూన్ రేపల్లె వెళ్ళాలి, మనుషుల్ని నీళ్ళలోంచి బయటికి తేవాలి. తుపాకులు లేవు. మనిషికో లైఫ్ జాకెట్టు, పార, లాఠీ. మాకు రెండు రబ్బరు పడవలు, ఒక రేడియో, కొన్ని కట్టల తాడు.

నేను అప్పుడు హవల్దార్‌ని. వయసు నలభై నాలుగు. మాది వేమూరు పక్కన చిన్న ఊరు. మంచులో పడుకున్నాను, ఇసుకలో పడుకున్నాను, కాల్పుల కింద పడుకున్నాను. సొంత ప్రాంతంలో డ్యూటీ పడడం మాత్రం అదే మొదలు, అదే ఆఖరు. ఇవాళ తెనాలిలో పొద్దున్నే నాతో కలిసి బరువులెత్తే మాస్టర్లు, గుమాస్తాలు, రైతులు అడుగుతుంటారు, ‘మీరు చూసిన పెద్ద యుద్ధం ఏదండీ’ అని. నాకు గుర్తొచ్చేది రేపల్లె. అక్కడ శత్రువు లేడు. ఉన్నవాళ్ళంతా మనవాళ్ళే.

రేపల్లెలో మాకు ఒక హైస్కూలు ఇచ్చారు. గదుల్లో నీళ్ళు. బెంచీలు జతలు జతలుగా చేర్చి వాటి మీద పడుకున్నాం. డ్యూటీలు పంచేది కంపెనీ హవల్దార్ మేజర్. ఆయన నన్ను చూసి క్షణం కూడా ఆలోచించలేదు.

“నువ్వు స్టోర్స్ చూసుకో. పడవల జోలికి పోకు.”

“ఎందుకు సాబ్? ఈ కాలవలు, కట్టలు తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే కదా.”

“కాలవల సంగతి కాదయ్యా, నీ నడుం సంగతి. అది మళ్ళీ పట్టేసిందనుకో, నిన్ను మొయ్యడానికి నలుగురు కావాలి. ఆ నలుగురు నాకు లేరు.”

నాకు ఒళ్ళు మండింది. అయితే ఆయన అన్నదాంట్లో అబద్ధం లేదు. మూడేళ్ళ కిందట బండి మీంచి మందుగుండు పెట్టె దించుతుంటే నా వెన్నులో డిస్కు జారింది. రెండు నెలలు మంచం. చెప్పులు తొడగడానికి కూడా ఇంకో మనిషి వంగాల్సి వచ్చేది. డాక్టరు పెట్టిన గడువు తీరిన మర్నాడే మా కసరత్తు ఉస్తాద్ నన్ను గ్రౌండుకు పిలిచాడు. ఖాళీ నీళ్ళ క్యాను ఒకటి చేతికిచ్చి నడవమన్నాడు. నాకు నవ్వొచ్చింది. పది అడుగులకే ఆ నవ్వు పోయింది.

“ఇరవైల్లో నువ్వేం చేసినా ఒళ్ళు ఊరుకుంటది,” అన్నాడు ఉస్తాద్. “నలభైల్లో అన్నీ గుర్తు పెట్టుకుంటది. దాన్ని తొందరపెట్టకు. అలాగని సెలవూ ఇవ్వకు.”

క్యానులో పావు వంతు నీళ్ళు, తర్వాత సగం, తర్వాత నిండుగా, తర్వాత రెండు చేతుల్లో రెండు. ఇసుక బస్తాను నడుంతో కాకుండా తొడలతో లేపడం నేర్పాడు. అడ్డ కమ్మీ పట్టుకుని వేలాడమన్నాడు, వేళ్ళు వాటంతట అవి జారిపోయేదాకా. గుడ్లు, పప్పు, నిద్ర. మూడేళ్ళు ఒక్క పొద్దు తప్పలేదు. ముప్పైల్లో ఉన్నప్పటికంటే నలభై నాలుగులో నా పట్టు గట్టిపడింది. కానీ కంపెనీలో అందరికీ గుర్తున్నది నా మంచమే. ఒకసారి పడినవాడు మళ్ళీ లేచాడంటే జనం చూస్తారు గానీ నమ్మరు.

నా స్థానం పోయిన చోటు ఇంకొకటి ఉంది. తాడు లాగే పోటీలో మా కంపెనీ జట్టుకు పేరుంది. ఎనిమిది మంది. అందరికంటే వెనక నిలబడేవాణ్ణి యాంకర్ అంటాం. తాడును చంక కిందనుంచి వీపు మీదుగా రెండో భుజం మీదికి తెచ్చుకుని, మడమలు నేలలో దింపి, వెనక్కి వాలి నిలబడతాడు. మిగతావాళ్ళు లాగుతారు, అతను నిలుపుతాడు. ఏళ్ళ తరబడి ఆ చోటు నాది. నా నడుం పోయాక ఒక లాన్స్ నాయక్‌కి ఇచ్చారు. మార్కాపురం వైపు మనిషి, ఇరవై ఏడేళ్ళు, మంచి దిట్టం. ట్రక్కు అద్దంలో తల దువ్వుకోకుండా పడవ ఎక్కేవాడు కాదు.

రేపల్లెలో కూడా నేను పొద్దున్నే వరండాలో క్యాన్లు పట్టుకుని నడిచేవాణ్ణి. అతను బ్రష్షు నోట్లో పెట్టుకుని చూసేవాడు.

“అన్నా, దించన్నా ఆ క్యాన్లు. ఈ వయసులో గుండె ఆగిపోద్ది.”

“నీకు నలభై వచ్చినప్పుడు మాట్లాడదాం రా.”

“నలభై వచ్చేసరికి పొలం కొనుక్కుని మంచం మీద పడుకుంటా. ఇదంతా ఎవడు చేస్తాడన్నా?”

నాకు వాడంటే ఇష్టం. నా చోటు తీసుకున్నాడన్న ముల్లు కూడా లోపల ఉంది. రెండూ ఉన్నాయి.

మొదటి మూడు రోజులు నీళ్ళు మమ్మల్ని కొట్టాయి. కొట్టాయనే అంటాను. వరద అంటే నిదానంగా పెరుగుతుందని ఊళ్ళో కూర్చున్నవాళ్ళు అనుకుంటారు. అది తలుపులు పీకుతుంది, దూలాలు మోసుకొచ్చి మనుషుల కాళ్ళ మీద విసురుతుంది. ఉబ్బిన గేదెలు కొట్టుకొచ్చి పడవను గుద్దేవని, వాసనకు కళ్ళు మండేవని పడవల వాళ్ళు రాత్రిళ్ళు స్టోర్స్ గదిలో చెప్పేవాళ్ళు. ఒక మధ్యవయసు మనిషిని కొబ్బరిచెట్టు మీంచి దించుతుంటే భయంతో మా పడవ డ్రైవరు మెడ పట్టుకుని ఇద్దరినీ ముంచబోయాడు. లాన్స్ నాయక్ అతని ముఖం మీద పిడికిలితో గుద్ది, పట్టు వదిలాక జుట్టు పట్టి పడవలోకి లాగాడు. ఆ మనిషికి రెండు పళ్ళు ఊడాయి. ఒడ్డుకొచ్చాక రక్తం ఉమ్ముతూనే దండం పెట్టాడు.

నాలుగో రోజు ఉదయం వాన తెరిపిచ్చింది. పదిన్నరకు రేడియో ఆపరేటర్ స్టోర్స్ గదిలోకి పరిగెత్తుకొచ్చాడు. డ్రెయిను కట్ట మీద గొడవ, చేతులున్న ప్రతి మనిషీ రావాలని మేజర్ గారి ఆర్డరు. హవల్దార్ మేజర్ నన్ను చూశాడు. ట్రక్కు వైపు తల ఊపాడు. నేను లాఠీ తీసుకుని ట్రక్కు ఎక్కాను.

ఆ కట్ట సంగతి కాస్త చెప్పాలి. ఎగువన వరి చేలు. మొలలోతు నీళ్ళు నిలిచి పైరు మునిగి ఉంది. దిగువన పల్లంలో ఒక పేట, దాని మధ్య చర్చి. మధ్యలో ఈ మట్టి కట్ట. కట్టకు గండి కొడితే చేలల్లో నీళ్ళు దిగువకు పోతాయి, పైరు దక్కుతుంది, పేట మునుగుతుంది. ప్రతి పెద్ద వరదకూ ఈ కట్ట మీద గునపాలు, కర్రలు ఎదురెదురుగా నిలబడడం చిన్నప్పటి నుంచి ఎరుగుదును. మాదీ అలాంటి పేటే, అలాంటి లూథరన్ చర్చే. గునపం ఎటు దిగుతుందో చూడకుండానే చెప్పగలను.

పేటలో చాలామందిని ముందురోజే తరలించాం. ముసలివాళ్ళు కొందరు చర్చి అరుగు దిగేది లేదన్నారు. వాళ్ళని తేవడానికి ఆ పొద్దున ఒక పడవ వెళ్ళింది. రెండో పడవ బాపట్ల వాళ్ళు పట్టుకెళ్ళారు. పేటకు వెళ్ళిన పడవ తిరిగొస్తుంటే మోటారు రెక్కలకు గుర్రపుడెక్క చుట్టుకుని ఆగిపోయింది. పడవలో తొమ్మిది మంది, డ్రైవరు. మా తాడు జట్టు ఎనిమిది మందీ కట్ట మీద నిలబడి, పేట వైపు నిలిచిన వాన నీళ్ళలో ఉన్న పడవకు తాడు కట్టి, కట్ట వెంబడి రోడ్డు వైపు లాగుతున్నారు. వాళ్ళ పక్కనే తూము. కాంక్రీటు స్తంభం, దాని మీద తలుపు ఎత్తే ఇనుప చక్రం.

తూముకు ఇవతల ముప్పై మంది రైతులు. పారలు, గునపాలు. మేం పన్నెండు మందిమి అడ్డంగా నిలబడ్డాం. ముందున్న మనిషి పేరు రాఘవయ్య గారని తర్వాత తెలిసింది. యాభై అయిదు దాటి ఉంటాయి. పంచె ఎగగట్టి, చేతిలో కర్ర. అరక తోలిన ఒళ్ళు. అలాంటి ఒళ్ళు ఏ జిమ్ములోనూ రాదు.

“ఏ ఊరు అబ్బాయ్ నీది?”

“వేమూరు పక్కనండి.”

“మరి మనవాడివే కదయ్యా! నాలుగో రోజు. ఇవాళ నీళ్ళు దిగకపోతే పైరు కుళ్ళిపోద్ది. నీకు తెలీదా?”

“తెలుసండి. కట్ట ముట్టుకోవద్దు.”

“పేట ఖాళీ అయింది. ఇళ్ళు ప్రభుత్వం కట్టిస్తది. నా చేను ఎవడు కట్టిస్తాడు?”

“ఖాళీ కాలేదండి. పడవ ఇంకా...”

మాట పూర్తి కాలేదు. వెనకనుంచి ఎవడో రాయి విసిరాడు. తర్వాత అంతా కలిసిపోయింది. కర్రలు, లాఠీలు, బూతులు. మా వాడొకడి ముంజేయి విరిగిన చప్పుడు విన్నాను. రాఘవయ్య గారి కర్ర నా నుదురు చీల్చింది. నెత్తురు ఎడమ కంట్లోకి కారింది. నేను దగ్గరికి జొరబడి ఆయన్ను నడుం దగ్గర వాటేసుకున్నాను. ఇద్దరం బురదలో పడ్డాం. ఆయన మోకాలు నా పొట్టలో దిగింది. నేను తలతో ఆయన ముక్కు మీద గుద్దాను. ఇద్దరు నడివయసు మగాళ్ళు ఒకరి ఊపిరి ఒకరు పీలుస్తూ, ఒకరి మెడ ఒకరు నులుముతూ దొర్లడం. చూసేవాళ్ళకు నవ్వొచ్చేదేమో. నాకు మాత్రం ఆయన్ను చంపాలనిపించింది. ఆ కోరిక నాకు ఇప్పటికీ స్పష్టంగా గుర్తుంది.

మేం కొట్టుకుంటుంటే తూముకు అవతలి పక్క, జట్టు వెనక, అయిదారుగురు కట్ట తవ్వేశారు. మూరెడు వెడల్పు తవ్వి ఉంటారు. మిగతాది నీళ్ళు తవ్వుకున్నాయి. భూమి దగ్గినట్టు ఒక చప్పుడు. కట్టలో పెద్ద ముక్క లేచి దిగువకు వెళ్ళిపోయింది. ఎర్రటి నీళ్ళు గోడలాగా పేట వైపు దూకి పడవను అడ్డంగా కొట్టాయి. పడవ గిర్రున తిరిగి వరదలో పడింది. దాని దారిలో దిగువన రొయ్యల చెరువుల ఇనుప కంచె ఉంది. దాని మీదికి పోతే పడవా మిగలదు, మనుషులూ మిగలరు.

తాడు బిగుసుకుంది. మా జట్టు ఏళ్ళుగా నేర్చుకున్న పనే చేసింది. ఎనిమిది మందీ వెనక్కి వాలి మడమలు నేలలో దింపారు. పచ్చిక మైదానంలో అయితే గెలిపించేది ఆ పట్టే. నాలుగు రోజులు నానిన మట్టికట్ట మీద ఎనిమిది జతల బూట్లు గునపాల్లాగే పనిచేశాయి. వాళ్ళ మడమల గుంటల వెంబడే కట్ట అంచు పగిలింది. తూము స్తంభం చేతికందే దూరంలోనే ఉంది. తాడును దానికి ఒక్క చుట్టు చుడితే చాలు. పోటీలో తాడును దేనికీ చుట్టకూడదు, చుడితే ఫౌల్. ఆ రూలు వాళ్ళ ఒంట్లో ఎంత దిగిపోయిందంటే ఆ స్తంభం వాళ్ళ కంటికి ఆనలేదు.

అంచు జారింది. ఏడుగురి చేతుల్లోంచి తాడు పోయింది. ముగ్గురు నీళ్ళలో పడ్డారు, మిగతావాళ్ళు వాళ్ళని పట్టుకోవడానికి దూకారు. ఏడుగురూ దిగువన ఎక్కడో ఒడ్డెక్కారని తర్వాత తెలిసింది. లాన్స్ నాయక్ వదలలేకపోయాడు. తాడు అతని చంక కింద, వీపు మీద, భుజం మీద ఉంది. అతనూ అంచు కిందికి జారి ఛాతీ దాకా మట్టిలో కూరుకున్నాడు. తాడు తోక కట్ట మీద పాములాగా పరిగెడుతోంది.

నేను రాఘవయ్య గారిని వదిలేసి దాని మీద పడ్డాను. స్తంభానికి రెండు చుట్లు వేసి కొస పట్టుకుని, పాదాలు కాంక్రీటుకు తన్ని వెనక్కి వాలాను. తాడు స్తంభం మీద జారుతూ నా అరచేతుల తోలు లాక్కుపోయింది. తర్వాత ఆగింది. పడవ ఆగింది. వరద దాన్ని మెల్లగా తిప్పి కట్ట వాలు పక్కకు నెట్టింది. మనుషులు దిగొచ్చు.

మధ్యలో లాన్స్ నాయక్ ఉన్నాడు. ఒక కొసన పడవ, దానిలో పదిమంది, వరదంతా. ఇంకో కొసన స్తంభం, నేను. నడుమ అతని ఛాతీ.

“అన్నా,” అన్నాడు. మామూలుగానే అన్నాడు. “కొంచెం వదులన్నా. ఊపిరాడట్లేదు.”

మాతో వచ్చిన నర్సింగ్ అసిస్టెంట్ బోర్లా పడుకుని అతని కాలరు పట్టుకుని పైకి లాగబోయాడు. అంచు ఇంకాస్త విరిగింది. హవల్దార్ మేజర్ ఇంకో తాడు కోసం ట్రక్కు వైపు పరిగెత్తాడు. రేడియో ఆపరేటర్ అరుస్తున్నాడు. “బేస్, బేస్, కట్ట తెగింది. పడవ తాడు మీద ఉంది. రెండో పడవ పంపండి.” అటునుంచి జవాబు నాకు కూడా వినిపించింది. “బాపట్ల నుంచి రావాలి. టైమ్ పడుతుంది.”

నా చేతులు జారడం మొదలైంది, నెత్తురుకు. వెనకనుంచి ఎవరో కొస అందుకున్నారు. రాఘవయ్య గారు. ముక్కులోంచి రక్తం, కళ్ళలో బురద. నా వెనకే కూలబడి, నాలాగే కాళ్ళు తన్నిపెట్టి పట్టుకున్నారు.

“ఖాళీ అయిందన్నారు,” అంటున్నారు. “పేట ఖాళీ అయిందన్నారు నాకు.”

“మాట్లాడకండి. పట్టుకోండి.”

పడవలోంచి మొదట ఒక ముసలాయన దిగాడు. తర్వాత ఇద్దరు ఆడవాళ్ళు. తర్వాత ఒకామె సంచి మర్చిపోయానని మళ్ళీ పడవలో కాలు పెట్టింది. నేను అరిచిన బూతు ఇక్కడ రాయలేను. డ్రైవరు ఆమెను ఎత్తి కట్ట మీదికి విసిరేశాడు.

“వదులన్నా,” అన్నాడు లాన్స్ నాయక్. ఈసారి గొంతు సన్నగా ఉంది.

“అబ్బాయ్, చచ్చిపోతున్నాడయ్యా ఆ పిల్లాడు!” రాఘవయ్య గారు ఏడుస్తున్నారు. “కొంచెం సడలిద్దాం. కొంచెం!”

“సడలిస్తే పడవ పోద్ది. ఇంకా నలుగురున్నారు.”

“చూడలేకపోతున్నానయ్యా!”

“కళ్ళు మూసుకోండి. చేతులు మాత్రం వదలకండి.”

ఆయన కళ్ళు మూసుకున్నారు. నేను మూసుకోలేదు. ఎవరో ఒకరు పడవ చూడాలి, ఆఖరి మనిషి ఎప్పుడు దిగుతాడో చూడాలి. పడవ వైపు చూడాలంటే అతని మీదుగానే చూడాలి.

డ్రైవరు ఆఖరున దూకాడు. మేం వదిలాం. పడవ కంచె మీదికి పోయి రెండుగా చీలింది. లాన్స్ నాయక్‌ని నలుగురం కలిసి పైకి తీశాం. నర్సింగ్ అసిస్టెంట్ మోకాళ్ళ మీద కూర్చుని అతని ఛాతీ నొక్కుతూనే ఉన్నాడు. అప్పటికే లోపల అన్నీ విరిగి ఉన్నాయి. చాలాసేపటికి ఆపాడు. మేం ఆపమన్నందుకు ఆపాడు.

రేడియో ఆపరేటర్ చెప్పాడు. “బేస్. పడవలో అందరూ క్షేమం. మాలో ఒకడు పోయాడు.”

“మళ్ళీ చెప్పు.”

“మాలో ఒకడు.”

సాయంత్రానికి ఎగువన చేలల్లో నీళ్ళు దిగాయి. పేట నడుంలోతు మునిగింది. రాఘవయ్య గారిని, ఇంకొందరిని పోలీసులు తీసుకెళ్ళారు. వెళ్ళేముందు ఆయన స్కూలు గేటు దగ్గర ఆగి నన్ను పిలిపించుకున్నారు. రెండు చేతులకూ కట్లు. నా చేతులకూ కట్లు. దండం పెట్టడానికి ఆయనకూ వీలు కాలేదు, ఓదార్చడానికి నాకూ వీలు కాలేదు. ఎదురెదురుగా నిలబడ్డాం. కానిస్టేబుల్ ‘పదండి బాబాయ్’ అన్నాడు. వెళ్ళిపోయారు.

వారం తర్వాత మేం తెనాలి మీదుగానే వెనక్కి వెళ్ళాం. ఆటోలు మళ్ళీ తిరుగుతున్నాయి. స్టేషన్ దగ్గర టిఫిన్ బళ్ళు పెట్టేశారు. హవల్దార్ మేజర్ నా భుజం మీద చెయ్యేసి, ఇంత బలం నీలో ఉందని నాకు తెలీదయ్యా అన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు. నాకు ఆ చెయ్యి నరికెయ్యాలనిపించింది.

రిటైరయ్యాక తెనాలిలో స్థిరపడ్డాను. పొద్దున్నే మైదానంలో మాస్టర్లకు, గుమాస్తాలకు బస్తా ఎలా ఎత్తాలో, కమ్మీకి ఎలా వేలాడాలో చూపిస్తాను. ఈ వయసులో ఇంత పట్టు ఎందుకండీ అని వాళ్ళు విసుక్కుంటారు. మోకాళ్ళకు మంచిదని, షుగర్ రాదని చెబుతాను. అది నిజమే. ఇంకో నిజం చెప్పను. ఉస్తాద్ నన్ను ఆ మంచం మీదే వదిలేసి ఉంటే పడవలో వాళ్ళెవరూ ఇవాళ ఉండేవారు కాదు. లాన్స్ నాయక్ ఉండేవాడు. నా చేతులు కాస్త చేతకానివైతే చాలు, తాడు దానంతట అదే జారిపోయేది, ఎవరూ నన్ను ఏమీ అనేవారు కాదు. మళ్ళీ ఆ రోజు వస్తే మళ్ళీ పట్టుకుంటాను. పశ్చాత్తాపం లేదు. ఏడుపు మాత్రం ఉంది, అది తగ్గదు.

పొద్దున కమ్మీకి వేలాడినప్పుడు కళ్ళు మూసుకుంటే కనిపిస్తాడు. ఛాతీ దాకా ఎర్రమట్టి. జుట్టు నుదుటికి అతుక్కుని ఉంటుంది. మూడోసారి నోరు కదిలింది గానీ మాట రాలేదు. అప్పుడు నన్ను చూడడం మానేశాడు. తల కొంచెం పక్కకు తిప్పి, పడవలోంచి దిగుతున్నవాళ్ళని ఒక్కొక్కరినే చూస్తూ, ఎంతమంది మిగిలారో లెక్కపెట్టుకుంటున్నాడు.